ఫస్ట్ లాన్సర్ లాయాలు ఎవరికైనా గుర్తున్నాయా?

లాన్సర్ మనవడు:

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను గానీ నేను రాయడం ఇదే మొదలు.

పోయిన నెల మా పాత ఇల్లు విప్పించి పునాది తీయిస్తుంటే మోకాలి లోతులో ఒక లాడం దొరికింది. తుప్పు పట్టి బరువుగా ఉంది. రెండు మేకులు ఇంకా దానికే అతుక్కొని ఉన్నాయి. మేస్త్రీ మట్టితో పాటు తట్టలోకి ఎత్తబోతుంటే మా అమ్మ ఉరికిపోయి తెచ్చుకొని కొంగుతో తుడిచింది. ఆ రోజంతా దాన్ని ఒళ్ళో పెట్టుకొనే కూర్చుంది.

మా ఇల్లు హైదరాబాద్‌లో, మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్‌లో ఉంది. మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాయన, నిజాం గుర్రపు దళంలో సాయీసు, అంటే గుర్రాలను చూసుకునేవాడు. కరువుకు పాలమూరు పల్లె విడిచి వచ్చి మొదట లాయానికి పచ్చగడ్డి కోసుకొచ్చే పనిలో కుదిరాడట. తర్వాత గుర్రాల చాకిరీకి ఎక్కాడు. నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. ఆయన చేతులు మాత్రం గుర్తున్నాయి, అరచెయ్యి గరుకు కాగితంలా ఉండేది.

ఇంటి వెనక గోడలో ఒక ఇనుప కడెం ఉండేది. బట్టలు ఆరేసే తాడు దానికే కట్టేవాళ్ళం. అదేమిటని మేము ఎన్నడూ అడగలేదు.

నిజాంల గురించి, వాళ్ళ నగల గురించి, కార్ల గురించి కావలసినంత దొరుకుతోంది. లాయంలో లద్ది ఎత్తినవాళ్ళ గురించి వెతికితే ఒక్క పేజీ లేదు. ఆ లాయాలు ఎలా ఉండేవి, అక్కడ రోజు ఎలా గడిచేది, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమైనా చెప్పారా? ఏ చిన్న ముక్కైనా సరే, రాయండి.


పురానాపూల్ పాషా:

అన్నా, సలాం. మీ అమ్మగారు లాడం ఒళ్ళో పెట్టుకున్న సంగతి చదివి మా అమ్మీకి వినిపించాను. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. మా అబ్బా నాంపల్లి స్టేషన్ దగ్గర టాంగా నడిపిండు. మీ తాతది సర్కారీ గుర్రం, మాది కిరాయి గుర్రం, కానీ చాకిరీ ఒకటే.

మీరు లాయం అంటున్నారు, మేము తబేలా అనేవాళ్ళం. పెద్దలు అస్తబల్ అనేవాళ్ళు. మా తబేలాలో ఎనిమిది గుర్రాలు ఉండేవి, నలుగురు మాలికులవి. మాకు ఒక్కటే. తెల్లవారు నాలుగింటికి నన్ను లేపేది అలారం కాదు, ఖర్‌ఖరా చప్పుడు. ఇనుప పళ్ళు ఉన్న దువ్వెన అది. చర్మం మీద గుండ్రంగా తిప్పుతూ దుమ్ము లేపుతారు, రెండుసార్లు రుద్ది మూడోసారి దాన్ని నేలకేసి కొట్టి మట్టి దులుపుతారు. ఖర్ర్, ఖర్ర్, టక్. ఎనిమిది గుర్రాల దగ్గర ఎనిమిది మంది ఒక్కసారే కొడుతుంటే ఎవరు పడుకుంటారు? దాని తర్వాత గడ్డి చుట్టతో మాలీష్. ఒంటి మీద అరచేత్తో ఒత్తుతూ మెడ నుంచి తోక దాకా. మీ తాత అరచెయ్యి గరుకు అన్నారు కదా, మా అబ్బాది కూడా అదే చెయ్యి.

గుర్రాన్ని కట్టే తాళ్ళకు పేర్లుండేవి. ముందువి అగాడీ, వెనక కాళ్ళకు కట్టేది పిచాడీ. దాణా సంచి తోబ్‌డా, దాన్ని చెవుల మీదుగా మూతికి తగిలిస్తారు. లాడం కొట్టేవాడు నాల్‌బంద్. గుర్రపు వైద్యుడు సలోత్రీ. ఇప్పుడు ఈ మాటలు మా పిల్లలకు ఒక్కటీ తెలవదు, అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

మా ఇంటికి దగ్గర్లోనే ఘోడే కీ ఖబర్ అనే బస్తీ ఉంది. గుర్రం సమాధి అని అర్థం. బస్సు దిగేవాళ్ళు రోజూ ఆ పేరు పలుకుతారు, గుర్రం మాత్రం ఎవరి మనసులోకీ రాదు.


బొల్లారం విశ్రాంత సుబేదార్:

లాన్సర్ మనవడు గారూ, మీ ప్రశ్నకు నాకు తెలిసినంత చరిత్ర చెబుతాను. ముందు ఒక చిక్కు విప్పాలి. హైదరాబాద్‌లో గుర్రపు దళాలు రెండు రకాలు. చాలామంది రెండూ కలిపేస్తారు.

మొదటిది హైదరాబాద్ కంటింజెంట్. ఖర్చు నిజాంది, అధికారులు ఇంగ్లీషువాళ్ళు. మా బొల్లారం ఆ కంటింజెంట్ ఊరే. ఇక్కడ రిసాలా బజార్ ఉంది చూడండి, రిసాలా అంటే గుర్రపు దళం. దళం ఉన్నచోట దాణా, జీన్లు, తాళ్ళు, గడ్డి అమ్మేవాళ్ళు చేరి బజారు కట్టారు. దళం పోయింది, బజారు మిగిలింది. ఆ కంటింజెంట్ జీతాల బాకీ కిందనే 1853లో బీరారు ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఆ దళాల ఖర్చు రాజ్యానికి ఎంత బరువైందో ఆ బాకీల చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1903లో కంటింజెంట్‌ను భారత సైన్యంలో కలిపేశారు. డెక్కన్ హార్స్ అని నేటికీ ఉన్న రెజిమెంటుకు మూలం 1790లో నిజాం కోసం లేపిన గుర్రపు దళమే. ఇప్పుడు వాళ్ళు నడిపేది ట్యాంకులు.

రెండోది నిజాం సొంత సైన్యం. మీ బస్తీకి పేరు పెట్టిన ఫస్ట్ లాన్సర్స్ దీనిలోది. బల్లెం పట్టే రౌతు లాన్సర్. గోల్కొండ వైపు ఉన్న దళాన్ని గోల్కొండ బ్రిగేడ్ అనేవారు, దాన్ని తీర్చిదిద్దింది నిజాం సేనాధిపతి అఫ్సరుల్ ముల్క్. ఈ బ్రిగేడ్ వాళ్ళ పోలో జట్టుకు దేశమంతా పేరు. 1896లో చర్చిల్ కుర్ర అధికారిగా బెంగళూరు నుంచి ఇక్కడికి పోలో ఆడటానికి వచ్చాడు, వాళ్ళ రెజిమెంటు ఆ ఏడు గోల్కొండ కప్పు గెలుచుకొని పోయింది. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం అప్పటి ఫతే మైదాన్, అక్కడా పోలో ఆడేవారు.

మీ తాత గడ్డి కోసే పనితో మొదలుపెట్టారన్నారు. అది చిన్న పని కాదు. గుర్రానికి రోజూ పది కిలోలకు పైగా గడ్డి కావాలి. వంద గుర్రాలంటే రోజుకో టన్ను. ఎండాకాలం హైదరాబాద్ బండరాళ్ళ మధ్య ఆ గడ్డి ఎక్కడి నుంచి తెచ్చారో ఒకసారి ఊహించండి. పాత దళాల్లో శిలేదారీ పద్ధతి ఉండేది, రౌతు తన గుర్రం తానే తెచ్చుకోవాలి, దాన్ని మేపే ఖర్చు జీతంలో కలిసి ఉంటుంది. గుర్రం చస్తే రౌతు దివాలా. అందుకని గడ్డి కోసేవాడి మీదే ఒక ఇంటి బతుకు నిలిచేది.


డాక్టర్ తాతయ్య:

నేను పశువైద్యుడిగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. బాబూ, ఆ లాడం ఫొటో పెట్టగలవా? కింది వైపు, పై వైపు, పక్క నుంచి, మూడు. పక్కన ఒక స్కేలు పెట్టి తియ్యి. మేకుల చివరలు దగ్గరగా తియ్యి, అది ముఖ్యం. దయచేసి తుప్పు గీకవద్దు.


లాన్సర్ మనవడు:

పెట్టాను డాక్టర్ గారూ. అమ్మ పట్టుకుంటేనే ఫొటో తీయనిచ్చింది, అందుకే ఆవిడ వేళ్ళు కూడా పడ్డాయి. మేకుల ఫొటో మసకగా వచ్చింది. సాయంత్రం మా బావమరిది మంచి కెమెరా తెస్తానన్నాడు.

సుబేదార్ గారూ, రోజుకు టన్ను గడ్డి అని మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. “మా అవ్వ నెత్తి మీద చుట్టబట్ట పెట్టే చోట జుట్టు మొలవకపోయేది” అన్నది. అంటే మా ముత్తవ్వ కూడా మోపులు మోసిందన్నమాట. ఇన్నేళ్ళలో ఈ మాట అమ్మ నోట మొదటిసారి విన్నాను.


ఏసీ గార్డ్స్ సుజాత:

నేను పుట్టి పెరిగింది ఏసీ గార్డ్స్‌లో. పోస్టల్ అడ్రసులో ఏసీ గార్డ్స్ అని రాస్తాం గానీ విడమరిచి ఎవరూ చెప్పరు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం, నిజాంకు అంగరక్షకులు. వనపర్తి రాజా దగ్గర ఉన్న ఆఫ్రికన్ దళం నిజాంకు చేరిందని మన పాలమూరు వైపు పెద్దలు గర్వంగా చెబుతారు.

మా గోడ అవతల ఇల్లు ఒక సిద్దీ కుటుంబానిది. ఆ ఇంటి పెద్దావిడను మేము నానీ అనేవాళ్ళం. తెలుగు చక్కగా మాట్లాడేది, మా అమ్మతో కలిసి వడియాలు పెట్టేది. వాళ్ళ నాన్న దళంలో రౌతు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక నిజాం దళాలు రద్దయ్యాయి. ఆ దళాలతో పాటే రౌతుల కొలువూ పోయింది. నానీ అప్పటికి పదేళ్ళ పిల్ల. గుర్రాలను లైనుగా తోలుకుపోయిన పొద్దు గురించి చెప్పేది. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి చూడలేక లోపలికి వెళ్ళి గోడకు తిరిగి కూర్చున్నాడట. గుర్రం మాత్రం వాళ్ళ ఇంటి ముందుకు రాగానే ఆగిపోయింది. రోజూ అక్కడ దానికి బెల్లం ముక్క పెట్టే అలవాటు. తోలేవాడు పగ్గం లాగాడు, కదల్లేదు. చివరికి నానీ అమ్మ వంటింట్లోకి పోయి బెల్లం తెచ్చి పెడితేనే కదిలింది.

నానీ ఈ కథ ఎప్పుడు చెప్పినా అరచెయ్యి చాపి చూపించేది, బెల్లం పెట్టేటప్పుడు వేళ్ళు మడవకూడదని, అరచెయ్యి చదునుగా ఉంచాలని. ఆవిడ పోయి పదకొండేళ్ళు.

పెళ్ళిళ్ళలో మర్ఫా డప్పులు విన్నప్పుడు జనం ఎగురుతారు. అది తెచ్చింది ఈ బస్తీల మనుషులే. వాళ్ళు గుర్రాలెక్కి తిరిగిన లాయాలు ఎక్కడున్నాయో చూపిద్దామంటే ఇప్పుడు అపార్టుమెంట్లే ఉన్నాయి.


హైఫా నుంచి లింబాద్రి:

మాది నిజామాబాద్ జిల్లా. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనిలో తొమ్మిదేళ్ళు ఉన్న, అందులో నాలుగేళ్ళు హైఫాలో. ఇక్కడ హైదరాబాద్ లాన్సర్ల పేరు కనబడేసరికి రాయకుండా ఉండలేకపోయిన.

హైఫాలో భారత సైనికుల స్మశానం ఉంది. ప్రతి ఏడు సెప్టెంబరు 23న అక్కడ పూలదండలు వేస్తరు. మొదటి ప్రపంచ యుద్ధంల, 1918లో అదే రోజు మన గుర్రపు దళాలు టర్కీ, జర్మనీ తుపాకుల మీదికి బల్లేలతోటి పోయి ఊరిని గెలిచినయి. నేను చూసుకునే తాత చక్రాల కుర్చీల కూసోని నన్ను అడిగిండు, మీ ఊరోళ్ళేనా అని. మా నిజాం సైన్యం కూడా వచ్చిందని చెప్పిన. ఆ తాత నా చెయ్యి పట్టుకున్నడు. హైదరాబాద్ లాన్సర్లే ఆ ఊరిని గెలిచిన్రని నేను ఆయనకు చెప్పిన, అందరికీ గట్లనే చెప్తుంట.


బొల్లారం విశ్రాంత సుబేదార్:

లింబాద్రి తమ్ముడూ, నీ మాట మనసుకు తగిలింది. ఒక్కటి సరిచేస్తాను, తప్పుగా అనుకోకు. హైఫా మీద దూకింది జోధ్‌పూర్ లాన్సర్లు, వాళ్ళకు తోడు మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు, అదే పాలస్తీనా ఎడారుల్లో ఆ యుద్ధమంతా చేశారు, కానీ హైఫా దాడిలో ముందు నడిచింది వాళ్ళు కాదు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల రౌతులవే, 1922లో పెట్టారు. ఆ మూడింటిలో ఒకటి మన హైదరాబాద్ రౌతు. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా చేర్చారు.

అబద్ధం చేర్చకుండానే మనవాళ్ళ గౌరవం సరిపడా ఉంది. గుర్రాన్ని ఓడెక్కించి అంత దూరం తీసుకుపోయి, నీళ్ళు దొరకని చోట బతికించుకున్నవాళ్ళు వాళ్ళు. ప్రతి దళం వెంట సాయీసులు, నాల్‌బందులు, సలోత్రీలు కూడా ఓడెక్కారు. విగ్రహాల్లో వాళ్ళు లేరు.


హైఫా నుంచి లింబాద్రి:

సుబేదార్ సాబ్, చెప్పినందుకు సంతోషం. ఇగ నుంచి సరిగ్గనే చెప్త.


మలక్‌పేట ఉదయం నడక:

లాయాలన్నీ పోయాయని బాధపడుతున్నారు. మలక్‌పేట వచ్చి చూడండి, తెల్లవారు ఐదింటికి రేసుకోర్సు గుర్రాలను నడిపిస్తుంటారు. హైదరాబాద్‌లో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో మలక్‌పేటకు వచ్చాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు గుర్రాలంటే ప్రాణం, మహబూబ్ మాన్షన్ నుంచి పందేలు చూసేవాడు. 1911లో ఆయన పోయాక పందేలు సికింద్రాబాద్ పరేడ్ మైదానానికి వెళ్ళిపోయి, మళ్ళీ 1968లో మలక్‌పేటకు తిరిగొచ్చాయి. ఆ మహబూబ్ మాన్షన్ చుట్టూ తర్వాత మిర్చి, ఉల్లి గంజ్ నడిచింది.

అయితే పందెం గుర్రం లాయం వేరు, బస్తీ లాయం వేరు. ఒప్పుకుంటాను. ఇక్కడ గోడ అవతల నుంచి వాసన మాత్రం వస్తుంది. తడి గడ్డి, లద్ది, చెమట పట్టిన తోలు. వర్షం పడ్డ పొద్దున నేను ఆ గోడ పక్కన కాస్త ఎక్కువసేపే నిలబడతాను.


బెజవాడ కాలువగట్టు:

మాది బెజవాడ. మాకు రిసాలాలూ లాన్సర్లూ లేరు, జట్కాలు ఉండేవి. స్టేషన్ ముందు వరసగా నిలబడేవి. జట్కా లోపల గడ్డి పరిచి పైన గోనె వేసేవారు, కూర్చుంటే గుచ్చుకునేది. ఒకే ఒక్క విషయం చెప్పి వెళ్తాను. మా వీధి చివర జట్కా సాయిబు ఇంట్లో పొద్దున్నే ఉలవలు ఉడికేవి. గుర్రానికి ఉలవలు పెట్టి, ఆ కట్టు మా అమ్మమ్మకు చెంబుతో పంపేవాడు. మా ఇంట్లో చారు దానితోనే. ఉలవచారు అని ఇప్పుడు హోటళ్ళలో గొప్పగా వడ్డిస్తుంటే నాకు సాయిబు చెంబే కనబడుతుంది.


పురానాపూల్ పాషా:

బెజవాడ అన్నా, ఉడికిన ఉలవల వాసన మాది కూడా. గుర్రానికి దాణా పెట్టకుండా మనిషి ముద్ద ముట్టకపోయేది మా ఇంట్లో. తెలుగులో “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని ఒక సామెత ఉంది కదా, పనికిరానివాడి తిండి గురించి చెబుతారు. మా ఇంట్లో అది సామెత కాదు. మా మోతీకి నిజంగానే ఒక కన్ను పోయింది, అబ్బా దాన్ని చివరిదాకా మేపిండు. దాణాకు తక్కువ చేయలేదు.

టాంగా ఎక్కించుకోవడంలో ఒక పనితనం ఉండేది. ముందొకరు, వెనక ఇద్దరు, వీపులు కలిపి కూర్చుంటారు. వెనక బరువు ఎక్కువైతే కర్రలు పైకి లేచి పొట్ట కింది పటకా గుర్రాన్ని ఎత్తేస్తుంది. ముందు బరువైతే వీపు మీద పడుతుంది. సవారీ ఎక్కగానే అబ్బా ఒక్క చూపు చూసి “అమ్మా, మీరు ముందుకు రండి, బాబుగారూ, మీరు వెనక్కి” అని సర్దేవారు. తాను కూడా అంగుళం ముందుకో వెనక్కో జరిగి తూకం చేసేవారు. బండి తేలికగా దొర్లుతుంటే గుర్రం చెవులు ముందుకు పెడుతుంది. ఆ చెవులు చూసుకొనే ఆయన తూకం సరిపోయిందని తెలుసుకునేది.

1932లో నిజాం సర్కారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. టాంగావాళ్ళ కాలం అప్పటినుంచే తగ్గింది గానీ ఒక్క దెబ్బకు పోలేదు. సైకిల్ రిక్షా వచ్చింది, ఆటో వచ్చింది. మా తబేలా ఎనిమిది నుంచి అయిదు, అయిదు నుంచి రెండు. ఆఖరున మా తబేలా స్థలం కిరాయి పెంచుతామని ఒక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అబ్బా చదువు రానివాడు, ఎవరితోనో చదివించుకున్నడు. గడువు దాటిపోయిందని అప్పటికే తేలింది. ఒక రాత్రిలో రేకులు ఊడదీసిన్రు. పొద్దున వెళ్ళేసరికి నాంద్, అదే గుర్రం నీళ్ళ తొట్టి, రెండు ముక్కలై పడి ఉంది. నల్లరాతి తొట్టి అది, మా తాత కాలం నాటిది. ఒక ముక్క ఇప్పటికీ మా గుమ్మం ముందు ఉంది, దాని మీద చెప్పులు విడుస్తాం.


ఏసీ గార్డ్స్ సుజాత:

పాషా భాయ్, ఆ ముక్క మీద ఇక చెప్పులు విడవకండి. తులసికోటలా కాదు గానీ కాస్త పక్కకు జరిపి దానిలో పక్షులకు నీళ్ళు పొయ్యండి.


పురానాపూల్ పాషా:

అక్కా, ఇవాళే చేశా.


బొల్లారం విశ్రాంత సుబేదార్:

ఒక మాట గురించి చెప్పాలనిపించింది. పాయెగా ప్రభువుల పేరు అందరూ విన్నారు. సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో వాళ్ళ సమాధుల సున్నపు పని చూడటానికి జనం వస్తారు. ఫలక్‌నుమా కట్టింది కూడా ఆ కుటుంబంలోని వికారుల్ ఉమ్రానే. పాయెగా అనే పారసీ మాటకు హోదా అని ఒక అర్థం, గుర్రపుశాల అని ఇంకో అర్థం. నిజాం సొంత గుర్రపు బలగాన్ని పోషించే బాధ్యత వాళ్ళది, దాని కోసమే జాగీర్లు. మరాఠీలో పాగా అన్నా గుర్రపుశాలే. మనం “ఫలానావాళ్ళు అక్కడ పాగా వేశారు” అంటుంటే నాకు గుర్రాలు కట్టేసిన మైదానమే కళ్ళ ముందుకొస్తుంది.

ఇంతటి రాజ్యంలో అన్నిటికన్నా పెద్ద ప్రభువుల ఇంటిపేరు గుర్రపుశాల. హైదరాబాద్ మీదికి 1948లో సైన్యం నడిపినప్పుడు దానికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టారు. ఇక్కడ పోలో మైదానాలు అన్ని ఉండటం వల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. నగరం పేరు తలచుకుంటే గుర్రం గుర్తొచ్చేంతగా ఉండేది. ఇప్పుడు బిర్యానీ గుర్తొస్తోంది.


మలక్‌పేట ఉదయం నడక:

చౌమహల్లా ప్యాలెస్‌లో బగ్గీలు ఇంకా ఉన్నాయి, ఎవరైనా చూడని వాళ్ళుంటే చూడండి. అక్కడే 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కూడా ఉంది. జనమంతా కారు చుట్టూ చేరతారు. బగ్గీల దగ్గర నిలబడి జీను పటకాల కుట్లు దగ్గరగా చూడండి, తోలులో ఎంత సన్నని కుట్టు వేశారో.

గోషామహల్ సంగతి కూడా రాయాలి. నగర పోలీసుల అశ్వదళం గుర్రాలు అక్కడే ఉండేవి. బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి ఆ గుర్రాలు రోడ్డు మీదికొస్తే పిల్లలు వెంటబడేవాళ్ళు. అదే మైదానంలో ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఆస్పత్రి కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. నగరం నడిబొడ్డున గుర్రపు డెక్కల చప్పుడు వినబడే చోట్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయని మాత్రం రాసుకుంటున్నాను.


డాక్టర్ తాతయ్య:

ఫొటోలు తీరిగ్గా చూశాను. బాబూ, జాగ్రత్తగా చదువు, మీ అమ్మగారికి కూడా వినిపించు.

ఇది ముందుకాలి లాడం. ముందు గిట్ట గుండ్రంగా ఉంటుంది, వెనక గిట్ట కొంచెం కోలగా, మొనదేలి ఉంటుంది. నీ దగ్గరున్నది దాదాపు పూర్ణచంద్రుడిలా ఉంది. కింది వైపు మేకులు దిగే చోట సన్నని గాడి కనబడుతోంది. మేకు తల ఆ గాడిలో కూర్చుంటుంది, త్వరగా అరగదు, గుర్రం జారదు. బజారులో చేత్తో కొట్టే చవక లాడాలకు చాలాసార్లు ఈ గాడి ఉండదు. కాబట్టి ఇది దళం గుర్రానిది అయ్యే అవకాశం బాగా ఉంది. ముందు అంచు, అంటే కాలివేలు వైపు, సగానికి పైగా అరిగింది. గట్టి నేల మీద బాగా పనిచేసిన గుర్రం.

లాడం కొట్టడం చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. గిట్ట గోరులాంటిది. దాని బయటి గోడకు నొప్పి తెలియదు. లోపల ప్రాణం ఉన్న భాగం ఉంటుంది, మేకు అటు వెళ్ళిందంటే గుర్రం కుంటుతుంది. నాల్‌బంద్ గుర్రం తోక వైపు ముఖం పెట్టి కాలు ఎత్తి మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటాడు. పెరిగిన గిట్టను చెక్కి, ఆకురాయితో సమం చేసి, లాడం పెట్టి చూసి, వంపు సరిపోకపోతే దాగలి మీద కొట్టి సరిచేస్తాడు. మేకు కొనకు ఒక వైపు ఏటవాలు ఉంటుంది, అందువల్ల అది లోపలికి పోకుండా బయటికి వంగి గిట్ట గోడలోంచి పైకి తేలుతుంది. ఆ తేలిన కొనను తుంచి కిందికి వంచి అదిమితే లాడం బిగుస్తుంది. మంచి నాల్‌బంద్ దెబ్బ చప్పుడును బట్టి మేకు ఎటు పోతోందో చెబుతాడు. గట్టి చప్పుడు వస్తే సరైన దారి, మెత్తగా వినబడితే ఆపి లాగేస్తాడు. ఐదారు వారాలకొకసారి ఇదంతా మళ్ళీ చెయ్యాలి, గిట్ట పెరుగుతూనే ఉంటుంది కనుక.

ఇక మేకుల చివరలు ఎందుకు అడిగానంటే, లాడం రెండు రకాలుగా ఊడుతుంది. పరిగెత్తేటప్పుడు దేనికో తగులుకొని ఊడితే మేకు కొనలు వంగినవి వంగినట్టే ఉంటాయి, గిట్ట గోడను చీల్చుకొని వస్తాయి. మనిషి తీస్తే ముందు ఆ వంచిన కొనలను ఉలితో ఒక్కొక్కటే పైకి లేపి నిటారు చేస్తాడు. తర్వాతే పట్టకారుతో మడమ వైపు నుంచి మెల్లగా వదులు చేస్తాడు. ఆ కొనలు ఎలా ఉన్నాయో స్పష్టంగా ఫొటో తీసి పెట్టు.


లాన్సర్ మనవడు:

డాక్టర్ గారూ, మంచి కెమెరాతో తీసి పెట్టాను. రెండు మేకులూ నిటారుగానే ఉన్నాయి. కొనల దగ్గర ఒకప్పుడు వంచి, మళ్ళీ తిన్నగా చేసిన గుర్తు కనబడుతోంది.


డాక్టర్ తాతయ్య:

అవును. చూశాను. ఇది ఊడిపడిన లాడం కాదు. తెలిసిన చెయ్యి కూర్చొని, గిట్ట చీలకుండా తీసిన లాడం.


లాన్సర్ మనవడు:

మీ పోస్టు అమ్మకు రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఆపి, లాడం తెమ్మని, చూపుడు వేలితో ఆ మేకు కొనలు తడిమింది. తర్వాత చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“గుర్రాలను తోలుకపోయే ముందటి దినం నాయిన లాయంలనే ఉన్నడు. బువ్వకు రాలే. అమ్మ నన్ను పంపింది. నాల్‌బంద్ సాయిబు, నాయిన ఇద్దరు కూసోని ఉన్నరు. కాలు నాయిన ఒడిల ఉంది. పాత నాల్ తీసి కొత్తది ఏసిన్రు. ఎందుకు నాయినా, రేపు పోతయి గద అంటే, దూరం పోవాలె బిడ్డా, అరిగిన దానితోని ఎట్ల పంపుత అన్నడు.”

ఆ గుర్రం పేరు చాంద్ అట. కొత్త ఇంట్లో వెనక గోడ కట్టేటప్పుడు పాత కడెం ఉన్న రాయి అలాగే పెట్టించమని మేస్త్రీకి చెప్పాను. ఎత్తు ఎంత ఉండాలని అడిగాడు. అమ్మ వచ్చి గోడ పక్కన నిలబడి తన భుజం చూపించింది.